తంగేడుకు చెవులుంటాయి

చెట్టూ చేమా – మీ ప్రశ్నలు, నా జవాబులు

పెత్రమాస దగ్గరపడిందంటే నాకొచ్చే ఉత్తరాల్లో సగం తంగేడు మీదే ఉంటాయి. మిగతా పదకొండు నెలలు గులాబీకి ఏం ఎరువు వేయాలి, మామిడి పూత ఎందుకు రాలుతోంది అని అడిగేవాళ్ళు కూడా ఈ నెలలో గుట్టల వైపు చూస్తారు. అందుకని ఈసారి పేజీలన్నీ తంగేడుకే ఇచ్చేశాను. గులాబీల వాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టాలి. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక మాట: నేను హనుమకొండలో ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్పి రిటైరైన మనిషిని. పుట్టింది పరకాల వైపు ఒక పల్లెలో, గుట్ట కింద వాడలో. బాటనీ పుస్తకం పట్టకముందే తంగేడు నాకు తెలుసు.

ప్రశ్న: మేడమ్, రెండేళ్ళ కింద నర్సరీలో తంగేడు కావాలని అడిగి ఒక మొక్క తెచ్చి గేటు పక్కన పెట్టుకున్నాం. ఏపుగా పెరిగింది, ఏడాదంతా పసుపు పూలు గుత్తులు గుత్తులుగా పూస్తోంది. మొన్న మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చి చూసి, "ఇది తంగేడు కాదు బిడ్డా, నిన్నెవరో ముంచిండ్రు" అన్నది. ఫొటో పంపుతున్నా. ఎవరి మాట నిజం?
– ఒక గృహిణి, హసన్‌పర్తి

జవాబు: మీ అత్తమ్మ మాటే నిజం. ఫొటోలో పువ్వు చిన్న బూరలా ఉంది, ఆకు అంచుకు రంపం పళ్ళున్నాయి. అది టెకోమా. అమెరికా ఖండం నుంచి వచ్చిన తోట మొక్క. మంచి మొక్కే, పీకేయకండి. కానీ తంగేడుకూ దానికీ చుట్టరికం లేదు.

మీరొక్కరే మోసపోలేదు. కొన్నేళ్ళ కింద నేనూ ఒక నర్సరీలో తంగేడు అని చెప్పిన మొక్క కొన్నాను. జానెడు మొక్కలో ఆకులు చూసి, సరేలే, తంగేడు చుట్టమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడేళ్ళకు అది మా మేడ దాటింది. సీమతంగేడు. రోడ్ల పక్కన నీడకు పెట్టే చెట్టు. నర్సరీకి వెళ్ళి అడిగితే, "అదీ తంగేడే కదా మేడమ్, పేర్లో ఉంది" అన్నాడు. ఏమంటాం!

అసలు తంగేడును పట్టుకోవడానికి పువ్వు దాకా ఆగక్కర్లేదు. ఒక కొమ్మ తీసుకుని, ఆకు కాడ కొమ్మకు అతుక్కునే చోటు చూడండి. కాడకు రెండు పక్కలా గుండ్రంగా, వేలి గోరంత, రెండు చిన్న ఆకు ముక్కలు అంటుకుని ఉంటాయి. అచ్చం చెవుల్లా. చాలా మొక్కల్లో ఆ ముక్కలు సన్నగా ఉండి త్వరగా రాలిపోతాయి, తంగేడుకు మాత్రం వెడల్పుగా, కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. దీని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. ఆరిక్యులా అంటే లాటిన్‌లో చిన్న చెవి. క్లాసులో ఈ పేరు చెప్పినప్పుడు పిల్లలకు ఒక కొమ్మ ఇచ్చి "దీని చెవి పట్టుకోండి" అనేదాన్ని. ఆ తర్వాత వాళ్ళెవరూ ఆ పేరు మర్చిపోలేదు.

చెవి చూశాక ఆకు చూడండి. ఒక్కో ఆకుకు 8 నుంచి 12 జతల చిన్నాకులు. ఒక్కో జత మధ్యలో, కాడ మీద, గుండుసూది మొన లాంటి చిన్న బుడిపె నిటారుగా నిలబడి ఉంటుంది. కంటికి ఆనకపోతే వేలితో తడిమితే తగులుతుంది. కసివిందకు జతలు తక్కువ, ఆకులు పెద్దవి, నలిపితే వాసన. తంటెం చెట్టుకు మూడే జతలు. ఈ రెండింటికీ కాయలు సన్నగా పొడుగ్గా ఉంటాయి. తంగేడు కాయ వెడల్పుగా, పల్చగా, ఎండితే కాగితంలా గోధుమరంగుకు తిరుగుతుంది. లోపలి గింజలు ఒక్కొక్కటీ ఎక్కడున్నాయో బయటికే ఉబ్బి కనిపిస్తాయి.

మీ అత్తమ్మను ఈసారి గుట్టకు తీసుకుపోయి ఆమెతోనే చూపించుకోండి. ఇవేవీ ఆమెకు చెప్పకండి. ఆమె ఎలా గుర్తుపడుతుందో చూసి నాకు రాయండి.

ప్రశ్న: నడుమెత్తు తంగేడును గుట్ట మీద జాగ్రత్తగా తవ్వి, వేరుకు మట్టిగడ్డతో సహా తెచ్చి మా పెరట్లో పెట్టిన. పెంటెరువు వేసి రోజూ రెండు బిందెల నీళ్ళు పోసిన. వారంలో ఎండిపోయింది. మళ్ళీ తెచ్చిన, మళ్ళీ అంతే. కరువుకు తట్టుకునే చెట్టు నీళ్ళు పోస్తే చచ్చుడేంది?
– ఒక యువకుడు, జగిత్యాల

జవాబు: తమ్ముడూ, ఇదే పని నేనూ చేశాను, బాటనీ లెక్చరర్ని అయ్యుండి. కాబట్టి సిగ్గుపడకు.

నాకు బుద్ధి వచ్చింది పుస్తకంతో కాదు, జేసీబీతో. మా ఊరి గుట్టకు ఒక పక్క మొరం కోసం తవ్వారు. నిలువునా కోసిన గోడ అంచున ఒక తంగేడు మిగిలింది. మనిషి ఛాతీ ఎత్తు ఉంటుంది. దాని వేరు ఆ మొరం గోడలో బొమ్మ గీసినట్టు కనిపించింది. పైన బొటనవేలంత లావు, కిందికి పోను పోను చిటికెన వేలంత, నా ఎత్తు దాటి ఇంకా కిందికి పోయి రాతి పగులులో దూరింది. పక్క వేర్లు పెద్దగా లేవు. గోడ దగ్గర నిలబడి ఆ వేరును చేత్తో తడుముకుంటూ పోయాను. నేను మట్టిగడ్డతో తవ్వి తెచ్చి పెంచుదామనుకున్నది చెట్టులో పై ముక్క అని అప్పుడు తెలిసింది. కరువుకు తట్టుకునే శక్తి అంతా ఆ కింద మొరంలోనే ఉండిపోయింది.

వేరు తెగిన మొక్కకు పైన ఆకులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. అవి నీళ్ళు అడుగుతాయి, కింద తాగే నోరు లేదు. నువ్వేమో జాలిపడి రోజూ రెండు బిందెలు పోశావు. మిగిలిన వేరు ముక్కకు గాలి ఆడక మురిగింది. అంతే జరిగింది.

గింజ నుంచి పెంచు. ఇప్పుడు పూత, ఆ తర్వాత కాయ. చెట్టు మీదే ఎండి గోధుమరంగుకొచ్చిన కాయలు కోసుకో. పచ్చి కాయ గింజ పనికిరాదు. ఒక్కో కాయలో పదీ పన్నెండు గింజలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే దొరుకుతాయి. నీడన ఆరబెట్టి, పురుగు పట్టినవి ఏరేసి, సీసాలో దాచి పెట్టు. మళ్ళీ జూన్‌లో తీద్దువు.

ఈ గింజ తోలు చాలా గట్టిది. ఊరికే మట్టిలో వేస్తే కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు, కొన్ని ఎప్పటికో మొలుస్తాయి. గుట్ట మీద అది దాని తెలివి: ఒక్క వానను నమ్మి గింజలన్నీ ఒకేసారి మొలిచేస్తే, ఆ తర్వాత వాన మొహం చాటేస్తే, వంశం మిగలదు. నీకు మాత్రం ఈ ఏడే కావాలి కదా. గిన్నెడు నీళ్ళు మరగకాచి దించు. రెండు మూడు నిమిషాలు ఆగి గింజలు వెయ్యి. పొయ్యి మీద ఉండగా వేయకు, ఉడుకుతాయి. తెల్లారేదాకా వదిలేయి. పొద్దున చూస్తే కొన్ని ఉబ్బి రెట్టింపు అయ్యుంటాయి, కొన్ని గులకరాళ్ళలా అలాగే ఉంటాయి. ఉబ్బినవి ఆ రోజే నాటు. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్ది మళ్ళీ వేడినీళ్ళలో వెయ్యి. నా లెక్కలో రెండో విడతకు చాలావరకు లొంగుతాయి.

ఎక్కడ పెరగాలో అక్కడే నేరుగా నాటు. గింజను వేలి గణుపులో సగం లోతుకు పెడితే చాలు. ఒక్కో గుంటకు మూడు గింజలు, తర్వాత బాగున్నదొక్కటి ఉంచు. మొక్కకూ మొక్కకూ ఐదారు అడుగులు ఎడం. కవర్లో పెంచాలంటే పొడుగాటి సన్న కవరు తీసుకుని, మొక్క జానెడు కాకముందే నేలకు మార్చు. ఆలస్యమైతే వేరు కవరు అడుగున చుట్టుకుపోతుంది, ఆ చుట్ట ఇక విప్పుకోదు.

ఎరువు వద్దు. ఎర్ర చెలకైనా, మొరమైనా సరే, నీళ్ళు నిలవకూడదు. పూర్తి ఎండ కావాలి. మొదటి ఎండాకాలం మాత్రం వారానికి ఒకసారి చెంబెడు నీళ్ళు పొయ్యి. రెండో ఏడు నుంచి నువ్వు ఊరెళ్ళినా దానికి దిగులు లేదు. పువ్వు కూడా రెండో ఏడే కనిపిస్తుంది, ఒక్కోసారి మూడో ఏడు. కాయలు పండాక, ఎండలు ముదరకముందు, కొసలు మోకాలెత్తుకు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది. పువ్వు కొత్త కొమ్మ కొసనే పూస్తుంది, ఎన్ని కొసలుంటే అన్ని గుత్తులు.

గుట్ట మీది మొక్కలను ఇక తవ్వకు. రెండు చచ్చాయి, చాలు.

ప్రశ్న: మా కాలేజీ వెనక తంగేడు పూల మీద నల్ల తుమ్మెదలు వాలినప్పుడు "గుయ్" అని వేరే రకం చప్పుడు చేస్తున్నాయి. ఎగిరేటప్పుడు ఆ చప్పుడు లేదు. తేనె తాగేటప్పుడు అలా ఎందుకు చేస్తాయి?
– ఇంటర్ సెకండియర్ విద్యార్థిని, జమ్మికుంట

జవాబు: బిడ్డా, నీ చెవి మంచిది. ఈ ప్రశ్న నన్ను క్లాసులో ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

మొదటి సంగతి, తంగేడు పువ్వులో తేనె లేదు. తుమ్మెద వచ్చేది పుప్పొడి కోసం. ఆ పుప్పొడి కూడా బయటికి పరిచి ఉండదు. ఒక పువ్వు తెంపి చూడు. లోపల పది కేసరాలుంటాయి. పైన ఉన్న మూడు చిన్నవి, వాటిలో పుప్పొడి ఉండదు. కింద ఉన్నవి పెద్దవి, వంకర తిరిగి ఏనుగు దంతాల్లా ఉంటాయి. మామూలు పూలలో కేసరం తల నిలువునా పగిలి పుప్పొడి రాలుతుంది. తంగేడుకు అలా పగలదు, కొసన సూదిమొనంత రంధ్రం ఉంటుంది. ఉప్పు డబ్బా మూత లాంటిదన్న మాట, ఊపితేనే రాలుతుంది.

తుమ్మెదకు ఆ ఊపడం తెలుసు. పువ్వును కాళ్ళతో గట్టిగా పట్టుకుని, రెక్కలు కదపకుండా, రెక్కల కండరాలను మాత్రం వణికిస్తుంది. నువ్వు విన్న గుయ్ శబ్దం ఆ వణుకే. ఆ వణుకుకు పుప్పొడి రంధ్రంలోంచి చిమ్ముకొచ్చి దాని పొట్ట మీద పడుతుంది. మన తేనెటీగకు ఈ విద్య రాదు. అది తంగేడు మీద వాలినా రాలిన పొడి ఏరుకోవడమే. టమాట, వంకాయ పూలదీ ఇదే పద్ధతి. మీ ఫిజిక్స్ ల్యాబులో శృతిదండం ఉంటుంది కదా, దాన్ని మోగించి విచ్చుకున్న టమాట పువ్వు కేసరాలకు తాకించు, కింద నల్ల కాగితం పట్టు. పొడి రాలితే మీ ఫిజిక్స్ సారుకు కూడా చూపించు. తర్వాత తంగేడు మీద నువ్వే చేసి చూడు.

తుమ్మెదలు ఎండిన కొయ్యలో రంధ్రాలు చేసుకుని ఉంటాయి. మీ కాలేజీ వెనక ఎండుకట్టెలు, పాత దూలాలు పడి ఉంటే ఊడ్పించొద్దని చెప్పు.

ప్రశ్న: 2014లో రాష్ట్ర పుష్పం అయ్యేదాకా తంగేడును పట్టించుకున్నవాళ్ళు లేరు. బతుకమ్మ తొమ్మిది రోజులు తప్ప ఏడాదంతా అది కంపచెట్టే కదా? దీన్ని మరీ ఆకాశానికి ఎత్తుతున్నామేమో అనిపిస్తోంది.
– ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: సార్, పాలపిట్ట, జింక, జమ్మితోపాటు తంగేడును 2014లోనే రాష్ట్ర చిహ్నాల్లో చేర్చారు, నిజమే. పట్టించుకున్నవాళ్ళు లేరన్న మాట దగ్గర మాత్రం నాకు కలం ఆగడం లేదు. కాస్త పొడుగవుతుంది.

మా ఇంటి వెనక మా తాత లంద ఉండేది. తోళ్ళు ఊనే చోటు. పశువు తోలు తెచ్చి ముందు సున్నపు నీళ్ళలో నానేసేవాడు. వెంట్రుకలు వదులయ్యాక గీకి, కడిగి, ఆ తర్వాత తంగేడు చెక్క నీళ్ళలో వేసేవాడు. చెక్క అంటే కట్టె అనుకునేరు, కొమ్మ మీది బెరడు. గుట్ట మీద కొమ్మలు కొట్టి, అక్కడే బెరడు ఒలిచి, మోపు కట్టుకొచ్చేవాడు. దాన్ని రోట్లో వేసి దంచడం మా అక్కదీ నాదీ పని. దంచుతుంటే ఎర్రటి దుమ్ము లేచి ముక్కులో వగరుగా పట్టుకునేది. చేతులు పది రోజులు గోధుమరంగులో ఉండేవి, సబ్బుకు పోయేవి కాదు. బడిలో ఆ చేతులు బల్ల కింద దాచుకునేదాన్ని.

ఒక దశలో తాత తోలును సంచిలా కుట్టేవాడు. దానిలో దంచిన చెక్క నింపి, చెక్క నీళ్ళు పోసి, మూతి కట్టి వాసానికి వేలాడదీసేవాడు. నీళ్ళు తోలులోంచి ఊరి బొట్టు బొట్టుగా కింది గోలెంలో పడేవి. వాటిని తోడి మళ్ళీ పైన పోసేవాడు. కొన్నాళ్ళకు తిరగేసి మళ్ళీ. చివర్లో కరక్కాయ నీళ్ళు, నూనె. రాత్రి పడుకుంటే ఆ బొట్టు చప్పుడు వినబడేది.

తంగేడు బెరడులో టానిన్ ఎక్కువ. పచ్చి అరటికాయ కొరికితే నోరు పిడచకట్టుకుపోతుంది చూడండి, ఆ వగరు సంగతే. అది తోలులోని మాంసకృత్తులను బిగించి పట్టుకుంటుంది, ఇక కుళ్ళు పట్టదు, నీళ్ళలో నానినా చెడదు. అందుకే మోట బావుల బొక్కెనకు ఆ తోలు కావాల్సి వచ్చేది. కరెంటు మోటర్లు రాకముందు చెలకల్లో పారిన నీళ్ళలో ఎంతో భాగం మోటతో తోడినవే. మోట తోలు ఊనింది తంగేడు చెక్క. చెప్పులు, పగ్గాలు, ఎడ్ల సామాను సంగతి సరేసరి. ఇంగ్లిషువాళ్ళు దీన్ని చర్మకారుల చెట్టు అనే పిలిచారు, మద్రాసు రేవు నుంచి ఈ చెక్కతో ఊనిన తోళ్ళు ఓడలెక్కి పోయేవి. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క వచ్చింది, క్రోమ్ వచ్చింది, తంగేడు చెక్క అడిగేవాడు లేకుండా పోయాడు. మా తాత లంద నేను హైస్కూల్లో ఉండగా ఎండిపోయింది.

ఇంకొక సంగతి. పూలు కోసుకునేవాళ్ళు, చెక్క ఒలిచేవాళ్ళు అదే గుట్టకు, అదే రోజుల్లో వచ్చేవాళ్ళు. సద్దుల బతుకమ్మ దాటేదాకా తాత కొడవలి ముట్టేవాడు కాదు. "ఆడపిల్లల పండుగ కానీయ్" అనేవాడు. ఆ ఆడపిల్లల బతుకమ్మలు ఊరి చెరువు గట్టు మీద ఆడేవి. మా వాడ బతుకమ్మలు మా వాడ వేపచెట్టు కిందే ఆడాలి. చెరువు గట్టు మీద పేర్చిన తంగేడులో సగం మా అక్కలూ నేనూ కోసి ఇచ్చిందే. మమ్మల్ని అక్కడికి రమ్మన్నవాళ్ళు లేరు, మేం పోయిందీ లేదు.

కాబట్టి సార్, తంగేడును పట్టించుకున్నవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళను పట్టించుకున్నవాళ్ళు లేరంటే ఒప్పుకుంటాను.

ప్రశ్న: షుగరుకు తంగేడు పూల టీ మంచిదని ఫోన్లో వీడియో చూశాను. టాబ్లెట్లు మానేసి అది తాగొచ్చా?
– ఒక నేత కార్మికుడు, సిరిసిల్ల

జవాబు: టాబ్లెట్ మానొద్దు అన్నా. నాకూ షుగరుంది, నేనూ మా వాకిట్లో తంగేడు పెట్టుకుని రోజూ టాబ్లెట్ వేసుకుంటున్నాను.

పూలు ఆరబెట్టి కాచి తాగడం పాత అలవాటే. శ్రీలంకలో దీన్ని రణవర అంటారు, టీలా తాగుతారు. ఆయుర్వేదంలో, సిద్ధ వైద్యంలో మధుమేహానికి వాడారు. ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో చక్కెర తగ్గింది కూడా. కానీ ఎలుకకు తగ్గడం వేరు, మీరు వేసుకునే మందు స్థానంలో నిలబడటం వేరు. రెండూ కలిపి రోజూ తాగితే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. తాగాలనే ఉంటే మీ డాక్టరుకు చెప్పి తాగండి.

ఇంకో జాగ్రత్త, పొట్లాల్లో అమ్మే పొడి కొనకండి. తంగేడు చుట్టాల్లో కసివింద ఉంది, దాని గింజలు తిని చిన్నపిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పొడి చేశాక ఏది ఏదో నేనైనా చెప్పలేను.

ప్రశ్న: మా చెలక గట్ల మీద తంగేడు బాగా మొలిచింది. మేకలు కూడా ముట్టడం లేదు. పీకించేయమంటారా? ఇది పప్పుజాతి చెట్టే కదా, భూమికి బలం ఇస్తుందని పక్క రైతు అంటున్నాడు.
– ఒక రైతు, పరకాల

జవాబు: పీకించకండి. గట్టును పట్టుకుని ఉంచే వేరు దానిది. పైన చెప్పిన మొరం గోడను గుర్తు తెచ్చుకోండి.

పక్క రైతు చెప్పింది సగమే నిజం. కుటుంబం పప్పుజాతిదే, కానీ తంగేడు వేర్లకు జీలుగకు ఉన్నట్టు బుడిపెలుండవు. గాలిలో నత్రజనిని పట్టి భూమికి ఇవ్వదు. దాని మేలు ఆకులో ఉంది. వెనకట వరి నాటుకు ముందు కానుగ, తంగేడు రొట్ట తెచ్చి మడిలో తొక్కేవాళ్ళు. ఇప్పుడూ చేయొచ్చు. లేత కొమ్మలు కోసి, దమ్ము చేసేటప్పుడు తొక్కండి. ముదురు కట్టె మాత్రం వేయకండి, అది మురగదు, కాళ్ళకు గుచ్చుకుంటుంది.

మేకలు ముట్టకపోవడానికి కారణం ఆ వగరు. అందుకే పశువులు మేసి మేసి నున్నగా చేసిన బంచరాయిలో కూడా తంగేడు ఒక్కటే నిలబడి కనిపిస్తుంది. గుట్టంతా తంగేడే ఉందని జనం మురిసిపోతారు. నాకైతే అక్కడ మిగతావన్నీ ఏమైపోయాయా అనిపిస్తుంది.

ప్రశ్న: అక్కా, తంగేడు పువ్వు పొద్దున తెస్తే సాయంత్రం బతుకమ్మ పేర్చేసరికి వాడి ముడుచుకుంటోంది. పోయినేడు సద్దుల రోజు హనుమకొండ పద్మాక్షి గుట్టకు పోయేలోపే మా బతుకమ్మ రంగు తగ్గింది. ఎట్ల నిలబెట్టుకోవాలి? ఇంకోటి, ఏటా మేం కోసే గుట్ట మీద పువ్వు తగ్గుతోంది.
– ఒక మహిళ, కాజీపేట

జవాబు: చెల్లే, నీ రెండు ప్రశ్నలకూ మూలం కోత దగ్గరే ఉంది.

మొదటిది. సూర్యుడు పైకి రాకముందే కోయండి. పూర్తిగా విచ్చిన పువ్వు కన్నా, కింద నాలుగైదు విచ్చి పైన మొగ్గలున్న గుత్తి మేలు. సాయంత్రానికి ఆ మొగ్గలు కొన్ని విచ్చుకుంటాయి. ప్లాస్టిక్ సంచిలో కుక్కితే లోపల చెమట పట్టి రేకులు నల్లబడతాయి. వెదురు గంపలో తడి గుడ్డ పరిచి, గుత్తులు పడుకోబెట్టి, పైన ఇంకో తడి గుడ్డ కప్పి నీడన పెట్టండి. నీళ్ళలో ముంచకండి. గునుగు రెండు రోజులున్నా ఏం కాదు, ముందే కోసి రంగులద్దుకోవచ్చు. తంగేడు మాత్రం ఏ రోజుది ఆ రోజే. పేర్చేటప్పుడు సిబ్బిలో గుమ్మడాకు మీద మొదటి వరుస తంగేడు కొంచెం కాడతో సహా ఒత్తుగా పెట్టి, లోపల ఖాళీని తంగేడు ఆకుతోనే నింపండి. ఆ ఆకు తేమకు పైవరుసలు కూడా నిలబడతాయి. మా అవ్వ అలాగే పేర్చేది.

రెండోది. మీ గుట్ట మీద పువ్వు ఎందుకు తగ్గిందో నేను మా ఊళ్ళో చూసిందాన్ని బట్టి చెప్తాను. ఒకప్పుడు ఇంటికి కావాల్సిన పువ్వు ఇంటివాళ్ళే చేత్తో తెంపుకునేవాళ్ళు. ఇప్పుడు తెల్లారేసరికి ఆటోలు వస్తున్నాయి. తీరిక లేనివాళ్ళు కొమ్మను మొదట్లోనే విరుస్తున్నారు, ఈడ్చితే వేరు పక్కన చీలుతోంది. చీలిన చోట నీరు దిగి చెట్టు చస్తుంది. చావనిదానికీ ఒక్క గుత్తీ మిగలదు. గుత్తి మిగలకపోతే కాయ లేదు, కాయ లేకపోతే గింజ లేదు.

మా తాత ఏటా చెట్లను నిలువునా కొట్టేవాడు కదా, అయినా గుట్ట ఎందుకు బోడి కాలేదో చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. ఆయన పదునైన కొడవలితో, మోకాలెత్తున, ఏటవాలుగా ఒకే దెబ్బకు కోసేవాడు. ఆ మొదలు నుంచి మళ్ళీ నాలుగు చిగుళ్ళు లేచేవి. ఒక ఏడు కొట్టిన వైపుకు మళ్ళీ రెండేళ్ళు పోయేవాడు కాదు. గుట్టను ఆయన మనసులోనే మూడు ముక్కలు చేసుకున్నాడు.

మీరూ కత్తెర పట్టుకుపోండి. గుత్తి కింద జానెడు కాడ వదిలి కత్తిరించండి. ఒక చెట్టుకు పది గుత్తులుంటే మూడు వదిలేయండి. జనవరిలో ఒకసారి తీరిక చేసుకుని అదే గుట్టకు పోయి, ఎండిన కాయలు కోసి, వేడినీళ్ళ సంగతి పైన జగిత్యాల తమ్ముడికి చెప్పాను, అలా చేసి, వానలు పడగానే మీ వీధి ఆడవాళ్ళంతా కలిసి గుట్ట వాలులో గుచ్చి రండి. వాలులో నీళ్ళు నిలవవు, మొలక బతుకుతుంది.

ప్రశ్న: అమ్మమ్మా, మా తంగేడు చెట్టుకు ఆకుపచ్చ పురుగులు పట్టి చిగుళ్ళన్నీ తింటున్నాయి. నాన్న మందు కొడతానంటున్నాడు. ఏ మందు కొట్టాలి?
– 5వ తరగతి విద్యార్థి, వరంగల్

జవాబు: నాన్నను రెండు వారాలు ఆగమను. ఒక పురుగును, అది తినే కొమ్మతో సహా, మూతకు సన్న రంధ్రాలు చేసిన పెద్ద సీసాలో పెట్టు. రోజూ కొత్త ఆకు వెయ్యి. ఒకరోజు అది తినడం మానేసి, కొమ్మకు నడుము దగ్గర దారంతో కట్టుకుని, మడిచిన ఆకులా మారిపోతుంది. అప్పుడు సీసా కదపకు. వారం పది రోజుల్లో లేత పసుపు రంగుదో, తెల్లదో ఒక సీతాకోకచిలుక బయటికొస్తుంది. రెక్కలు ఆరేదాకా అరగంట పైనే పడుతుంది, అంతసేపూ ముట్టుకోవద్దు. ఆరాక మూత తీసి మీ తంగేడు చెట్టు దగ్గర పెట్టు. చెట్టు సంగతి నువ్వేం టెన్షన్ పడకు, వానలుండగానే మళ్ళీ చిగుళ్ళేస్తుంది. ఏ రంగుది వచ్చిందో ఉత్తరం రాయి.